పెన్న ఒడ్డు రచయిత్రి: పొణకా కనకమ్మ స్మారకోపన్యాసం



హిందూపురంలో పెన్న అనగానే ఇసుకే గుర్తొస్తుంది. నందికొండల్లో పుట్టి, కర్ణాటకలో కొంత దూరం నడిచి, హిందూపురం దగ్గర ఆంధ్రలో కాలుపెట్టే నది ఇది. ఇందులో నీళ్ళు పారిన ఏళ్ళను పేరుపేరునా చెప్పగల పెద్దవాళ్ళు ఈ సీమలో ఉన్నారు. ధర్మవరం పక్కగా పోయే చిత్రావతి కూడా చివరికి ఈ పెన్నలో కలిసేదే. ఎండుతూ, పారుతూ, దాదాపు 600 కిలోమీటర్లు నడిచి, నెల్లూరు దాటాక ఈ నది సముద్రంలో కలుస్తుంది. సముద్రం ఇంకాస్త దూరంలో ఉందనగా ఒడ్డున పల్లిపాడు అనే ఊరుంది. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ ఆ ఊరికి వచ్చి ఒక ఆశ్రమాన్ని ప్రారంభించారు. దానికి నది పేరే పెట్టారు: పినాకినీ సత్యాగ్రహాశ్రమం.

ఆ ఆశ్రమానికి పదమూడెకరాల నేల ఇచ్చింది ఒక స్త్రీ. అప్పటికి ఆమెకు ఇరవై ఎనిమిదేళ్ళు. బడి మెట్టెక్కని మనిషి. పద్యాలు రాసేది. పేరు పొణకా కనకమ్మ.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం నుంచి ఇంతమంది వచ్చిన సభలో నెల్లూరు రచయిత్రిని తలుచుకోవడమెందుకని ఎవరైనా అడగవచ్చు. ఈ మూడు ఊళ్ళూ నదికి ఎగువన ఉన్నాయి, ఆమె దిగువన బతికింది. ఇది చుట్టరికం చెప్పడానికి పనికొచ్చే మాటే గానీ, అసలు కారణం వేరే ఉంది. ఆమె కట్టిన బడి ఊరికి గుర్తుంది. ఆమె రాసిన బతుకు మాత్రం ఆమె పోయిన నలభై ఎనిమిదేళ్ళకు గానీ అచ్చు కాలేదు. ఊరి కోసం పాటుపడిన ఆడవాళ్ళ రాతకు మన దగ్గర ఏ గతి పడుతుందో చెప్పడానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ అక్కర్లేదు. అదే గతి ఇక్కడి అటకల మీద ఇప్పటికీ నడుస్తోంది.

కనకమ్మ 1892 జూన్ 10న నెల్లూరు జిల్లా మినగల్లులో పుట్టారు. తండ్రి మరుపూరు కొండారెడ్డి, తల్లి కామమ్మ. కలిగిన కుటుంబం. పదేళ్ళు నిండకముందే పొట్లపూడి భూస్వామి పొణకా సుబ్బరామిరెడ్డితో పెళ్ళయింది. ఆ కాలంలో అలాంటి ఇళ్ళలో కోడలి చదువు రామాయణం కూడబలుక్కోవడంతో ఆగేది. కనకమ్మ అక్కడ ఆగలేదు. ఇంట్లో కూర్చునే తెలుగు, సంస్కృతం, హిందీ నేర్చుకున్నారు. పద్యం పట్టుబడింది. శశిరేఖ, హిందూసుందరి, అనసూయ, గృహలక్ష్మి లాంటి పత్రికల్లో ఆమె రచనలు అచ్చయ్యాయి.

ఆ పత్రికల పేర్లు దాటేసి ముందుకు పోకూడదు. హిందూసుందరి 1902లో మొదలైంది. అనసూయను వింజమూరి వెంకటరత్నమ్మ కాకినాడ నుంచి నడిపారు. గృహలక్ష్మిని 1928లో మద్రాసులో కె.ఎన్. కేసరి స్థాపించారు. గడప దాటని స్త్రీకి ఇంకో ఊళ్ళో తనలాంటి స్త్రీ ఉందని తెలియజెప్పినవి ఇవే. పోస్టులో వచ్చిన సంచిక ఇంటిల్లిపాదీ చదివాక వంటింట్లోకి చేరేది. అక్కడ దాన్ని చదివిన మనిషి మరునాడు కాగితం, కలం వెతుక్కునేది. కనకమ్మ తరం రచయిత్రులు ఆ వంటిళ్ళలో తయారైనవాళ్ళే.

1913లో, ఇరవై ఒక్కేళ్ళ వయసులో, ఆమె పొట్లపూడిలో సుజనరంజనీ సమాజం పెట్టారు. వివేకానంద గ్రంథాలయం నెలకొల్పారు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం బెజవాడలో పుట్టింది ఆ మరుసటి ఏడు, 1914లో. అంటే గ్రంథాలయోద్యమం అని చరిత్ర పేరు పెట్టేలోపే ఒక పల్లెటూరి కోడలు ఆ పనిలో దిగింది. హరిజనవాడ పిల్లల చదువు గురించి, అంటురోగాలు వచ్చినప్పుడు వాళ్ళకు చేసే ఉపచారం గురించి ఆమె పట్టించుకున్నది కూడా ఆ రోజుల్లోనే. పెద్ద కులపు భూస్వామి ఇంటి కోడలు ఆ వాడలో అడుగుపెడితే ఇంటా బయటా ఎన్ని మాటలు పడాలో రాయలసీమవాళ్ళకు విడమరిచి చెప్పాల్సిన పనిలేదు.

మొదట్లో ఆమె మనసు విప్లవవాదుల వైపు మొగ్గింది. తుపాకీతోనే తెల్లవాడు పోతాడని నమ్మిన తరం అది. తర్వాత గాంధీ మార్గానికి వచ్చారు. వచ్చాక వెనక్కి చూడలేదు. పల్లిపాడు ఆశ్రమాన్ని దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల వెంకటకృష్ణయ్య నడిపించారు. దక్షిణాఫ్రికాలో గాంధీజీకి తోడుగా ఉన్న పారశీ రుస్తుంజీ ఇచ్చిన పదివేల రూపాయలతో అక్కడ భవనం లేచింది. ఆ డబ్బుకు, ఆ పేర్లకు కింద ఉన్న నేల కనకమ్మది. ఆశ్రమాల చరిత్ర రాసేటప్పుడు నేల ఇచ్చినవారి పేరు సాధారణంగా ఒక వాక్యంలో తేలిపోతుంది. ఇక్కడ ఆ ఒక్క వాక్యంతో సరిపెట్టడం అన్యాయం. స్త్రీకి ఆస్తిహక్కే సరిగా లేని కాలంలో పదమూడెకరాలు ఊరికి రాసివ్వడమంటే, ఆ నిర్ణయానికి ఇంట్లో ఎంతమందిని ఒప్పించి ఉండాలో ఆలోచించాలి.

1923లో ఆమె నెల్లూరులో ఆడపిల్లల బడి తెరిచారు. కస్తూర్బా పేరు మీద దాన్ని శ్రీ కస్తూరిదేవి విద్యాలయం అన్నారు. ఆ బడి భవనానికి 1929లో గాంధీజీయే శంకుస్థాపన చేశారు. ఇది ఒంటరి ప్రయత్నం కాదు. కనకమ్మ బడి తెరవడానికి ముందు ఏడాదే గుంటూరులో ఉన్నవ దంపతులు శారదా నికేతనం మొదలుపెట్టారు. దుర్గాబాయి పన్నెండు, పదమూడేళ్ళ పిల్లగా కాకినాడలో హిందీ బడి నడిపి, తర్వాత 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళాసభకు పునాది వేశారు. బాపట్లలో కనుపర్తి వరలక్ష్మమ్మ 1931లో స్త్రీ హితైషిణీ మండలి పెట్టారు. ఆమె శారద లేఖలు గృహలక్ష్మిలో ఏళ్ళ తరబడి వచ్చాయి. వీళ్ళందరిలో ఒక పోలిక ఉంది. కలం పట్టిన చెయ్యే చందా పుస్తకం కూడా పట్టింది. రాయడం ఒక పని, ఊరి పని మరొకటి అని వాళ్ళు విడదీసుకోలేదు. పత్రికలో ఆడపిల్లల చదువు గురించి రాసిన మనిషిని ఎవరైనా "మరి మా పిల్ల ఎక్కడ చదవాలి?" అని అడిగితే చూపించడానికి ఒక బడి ఉండాలి కదా. కనకమ్మ దగ్గర ఆ బడి ఉంది.

ఆడపిల్లల బడి నడపడం శంకుస్థాపనంత తేలిక కాదు. రాయి వేసిన పెద్దలు రైలెక్కి వెళ్ళిపోతారు. ఆ తర్వాత నెలనెలా జీతాలు, గోడకు సున్నం, పంపనని భీష్మించిన తండ్రి, మధ్యలో పెళ్ళి చేసి మాన్పించిన మేనమామ, ఇవన్నీ ఎదురవుతాయి. ఇవాళ ఈ సభలో ఉన్న టీచరమ్మల్లో ఎవరిని అడిగినా ఈ జాబితా ఇంకా పొడుగ్గా చెబుతారు. వందేళ్ళ కిందట ఆ పని మొదలుపెట్టిన మనిషి మధ్యమధ్య జైలుకు కూడా వెళ్ళివచ్చారు. ఉప్పు సత్యాగ్రహంలో ఒకసారి, 1932లో మరోసారి రాయవెల్లూరు జైల్లో ఉన్నారు. ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్ సంఘానికి ఉపాధ్యక్షురాలిగా, అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సభ్యురాలిగా పనిచేశారు. జమీందారీ రైతుల పక్షాన నిలబడ్డారు. ఇన్ని పదవులున్నా ఆమె పని ప్రధానంగా నెల్లూరు చుట్టూనే తిరిగింది. అదే ఆమె గొప్ప. ఆమె పేరు మరుగున పడటానికి కారణమూ అదే.

ఆమె నాటిన విత్తు ఎక్కడ మొలిచిందో చూడటానికి కొంచెం పక్కదారి పట్టక తప్పదు. కనకమ్మ పోయి ముప్పై ఏళ్ళు తిరక్కుండానే, ఆ నెల్లూరు జిల్లాలోనే అక్షరాస్యతా ఉద్యమం వచ్చింది. దూబగుంటలో రాత్రి బడికి వచ్చిన కూలి ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. ఆ ముచ్చట "ఆడవాళ్ళు ఏకమైతే" అనే పాఠమై చదువుల పుస్తకంలోకి ఎక్కింది. దాన్ని చదివిన పక్క ఊరి ఆడవాళ్ళు తమ ఊరి దుకాణం మీదికి వెళ్ళారు. 1992లో అది జిల్లా దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా ఆగింది. 1994 డిసెంబరులో ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన ఎన్.టి. రామారావు సంపూర్ణ మద్యనిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు. 1995 జనవరిలో అది అమల్లోకి వచ్చింది. ఆయన అప్పుడు హిందూపురం శాసనసభ్యుడు. పెన్న దిగువన ఒక పల్లెలో మొదలైన చదువు పెన్న ఎగువన గెలిచిన మనిషి చేత సంతకం పెట్టించింది. ఆ నిషేధం రెండేళ్ళు దాటాక సడలిపోయింది, అది వేరే కథ. అయినా ఆడవాళ్ళు చదివిన ఒక్క పాఠం అంత దూరం వెళ్ళగలిగింది. ఆడవాళ్ళ రాతను దాచుకోమని అడగడానికి ఇంతకన్నా సాక్ష్యం వెతకనక్కర్లేదు.

కనకమ్మ దగ్గరికే మళ్ళీ వద్దాం.

ఒక్కగానొక్క కూతురు వెంకటసుబ్బమ్మ చనిపోయింది. ఆ దుఃఖంలో ఆమె మనసు రమణ మహర్షి వైపు, నెల్లూరు ప్రాంతపు రామయోగి వైపు తిరిగింది. ఆ దశలో ఆమెకు తోడుగా నిలిచిన స్నేహితురాలు ద్రోణంరాజు లక్ష్మీబాయమ్మ. ఇద్దరూ కలిసి "ఆరాధన", "నైవేద్యము" అనే పద్యసంపుటాలు వెలువరించారు. తెలుగులో జంటకవులంటే తిరుపతి వేంకట కవులు, కొప్పరపు కవులు, ఆ వరసలో ఇంకో పది పేర్లు ఎవరైనా టకటకా చెబుతారు. ఆ వరసలో ఈ ఇద్దరు స్త్రీల పేర్లు ఏ సాహిత్య సభలోనూ వినబడవు. ఒకే దుఃఖాన్ని, ఒకే భక్తిని ఇద్దరు పంచుకుని పద్యం కట్టడం అవధాన వేదిక మీద పద్యం చెప్పడం కన్నా చిన్న పనేమీ కాదు. వాళ్ళను జంటకవయిత్రులుగా లెక్కలోకి తీసుకోని సాహిత్య చరిత్ర తన లెక్క సరిచేసుకోవాలి.

గృహలక్ష్మి పత్రిక ఇచ్చిన స్వర్ణకంకణం కనకమ్మకూ అందింది. 1963 సెప్టెంబరు 15న ఆమె కన్నుమూశారు. అప్పటికి ఆత్మకథ రాసి పెట్టి ఉంది. పేరు "కనకపుష్యరాగం". అది డాక్టర్ కాళిదాసు పురుషోత్తం సంపాదకత్వంలో పుస్తకంగా వచ్చింది 2011లో. ఈ మధ్యలో రెండు తరాల పిల్లలు కస్తూరిదేవి విద్యాలయంలో చదువుకుని బయటికి వచ్చారు. బడి పెట్టినామె పటాన్ని చూసి ఉంటారు, ఆమె మాట మాత్రం వినలేదు. ఆ పుస్తకం చదివితే తెలుస్తుంది, ఎంత నష్టం జరిగిందో. ఉద్యమంలోని పెద్దల గురించి, ఇంటి మనుషుల గురించి, తన తప్పుల గురించి ఆమె మొహమాటం లేకుండా రాశారు. మగవాళ్ళు రాసిన స్వాతంత్ర్యోద్యమ చరిత్రల్లో సభలు, తీర్మానాలు, తేదీలు ఉంటాయి. ఇందులో ఆ సభకు వెళ్ళడానికి ఒక ఆడమనిషి ఇంట్లో ఎంత పెనుగులాడిందో ఉంటుంది. ఆ భాగం ఇంకెవరూ రాయలేరు.

దుర్గాబాయి విషయంలో ఇలా జరగలేదు. రాజ్యాంగసభలో కూర్చున్నారు, ప్రణాళికా సంఘంలో పనిచేశారు, ఆమె స్వీయకథ ఆమె బతికుండగానే బయటికి వచ్చింది. అది రావలసిన పుస్తకమే. తేడా ఎక్కడుందంటే, ఢిల్లీ దాకా వెళ్ళిన స్త్రీ రాసింది దేశచరిత్ర అయింది. జిల్లాలోనే ఉండిపోయిన స్త్రీ రాసింది ఇంటి కాగితమయింది.

ఇది కొత్త జబ్బు కాదు. ఈ నేల మీదే దానికి ఐదు వందల ఏళ్ళ నాటి ఉదాహరణ ఉంది. అచ్యుతదేవరాయలు విజయనగరాన్ని ఏలిన 1529-42 మధ్యకాలంలో, లేపాక్షిలో విరూపణ్ణ పూనికతో వీరభద్రాలయం కప్పు మీద బొమ్మలు రంగులు తీసుకుంటున్న రోజుల్లో, తిరుమలాంబ అనే రాజాస్థాన కవయిత్రి సంస్కృతంలో "వరదాంబికా పరిణయ చంపువు" రాసింది. లేపాక్షి బొమ్మలు చూడటానికి అప్పటినుంచీ జనం వస్తూనే ఉన్నారు. తిరుమలాంబ కావ్యం మాత్రం తంజావూరు సరస్వతీ మహలులో తాళపత్రాల మధ్య ఉండిపోయింది. ఇరవయ్యో శతాబ్దంలో పండితుడు లక్ష్మణ స్వరూప్ దాన్ని పరిష్కరించి లాహోరులో అచ్చు వేయించారు. హిందూపురానికి పక్కనే ఉన్న లేపాక్షి నాటి కావ్యం చదవాలంటే లాహోరులో అచ్చయిన ప్రతి కోసం వెతుక్కోవాల్సి వచ్చింది.

పెనుకొండలో పెరిగిన పుట్టపర్తి నారాయణాచార్యుల సంగతి ఇక్కడ పిల్లలకు కూడా తెలుసు. చిన్నతనంలో ఆయన రాసిన "పెనుగొండలక్ష్మి" విద్వాన్ పరీక్షకు పాఠ్యమైంది, ఆ పరీక్ష రాయడానికి ఆయనే కూర్చోవాల్సి వచ్చింది. ఆ కథ ఎన్నిసార్లు విన్నా తీపిగానే ఉంటుంది. ఆయన భార్య పేరూ కనకమ్మే. ఆమె కూడా కవయిత్రి. ఆ సంగతి ఈ సభలో ఎంతమందికి తెలుసో చేతులెత్తమని అడగడం బాగుండదు.

రాయలసీమ రచయితల్ని దుమ్ము దులిపి బయటికి తెచ్చే పని ఈ ప్రాంతంలో ఒక మనిషి తలకెత్తుకున్నారు. కల్లూరు అహోబలరావు "రాయలసీమ రచయితల చరిత్ర"ను సంపుటాలుగా వెలువరించారు. ఊరూరా తిరిగి, ఇల్లిల్లూ అడిగి, పోయినవాళ్ళ కాగితాలు కూర్చడం ఎంత ఓపిక పని! విశ్వవిద్యాలయాలు చేయాల్సిన పని ఒక వ్యక్తి తన సొంత పూనికతో చేశారు. ఆ పనిని స్త్రీల వైపు నుంచి కొనసాగించడం ఇప్పుడు ఇక్కడివాళ్ళ వంతు.

ఎక్కడ వెతకాలి? రచయిత్రి అనే పేరు పలక మీద ఉన్న చోట మాత్రమే వెతికితే దొరకదు. ప్రతి పొదుపు సంఘానికీ ఒక తీర్మానాల పుస్తకం ఉంటుంది. పొడుగాటి గీతల పుస్తకం, మూలలు నలిగి, పసుపు మరకలతో. పైన తేదీ. కింద హాజరైనవాళ్ళ సంతకాలు, సంతకం రాని చోట వేలిముద్ర. మధ్యలో రాసేది సంఘంలో పదో తరగతి దాకా చదివిన ఒకామె. బ్యాంకువాళ్ళకు కావలసినంతే రాస్తే చాలు. అలాంటి పుస్తకాల్లోనే ఒక్కోచోట లెక్క మధ్యలో మనిషి కనిపిస్తుంది. ఫలానా సభ్యురాలు రెండు వారాలుగా రాలేదు, మొగుడు రానివ్వడం లేదు, అందరూ వెళ్ళి మాట్లాడాలని తీర్మానం. నీళ్ళ ట్యాంకరు వీధి చివరకే వచ్చి పోతోంది, కౌన్సిలరుకు చెప్పాలని తీర్మానం. ఇది సాహిత్యం కాదని ఎవరైనా అంటే, కనకమ్మ ఆత్మకథ కూడా నలభై ఎనిమిదేళ్ళు ఎవరి కంటికీ సాహిత్యంగా ఆనలేదని గుర్తుచేయాలి.

ధర్మవరంలో మగ్గం మీద కూర్చునేది ఎవరైనా, కండెలు చుట్టే చేతులు ఎక్కువగా ఆడవాళ్ళవే. నేసినవాడి పేరు చీర మీద ఉండదు, కండె చుట్టిన ఆమె పేరు అసలు ఎవరికీ తెలియదు. ఆ ఇళ్ళలో పాటలున్నాయి, పట్టు ధర పెరిగి మగ్గం ఆగిన ఏడాది ఏం తిన్నారో చెప్పే లెక్కలున్నాయి. హిందూపురం మండీకి పోయే చింతపండులోంచి గింజ తీసే ఆడవాళ్ళ దగ్గర సామెతలున్నాయి. స్థానిక సంస్థల్లో సగం స్థానాలు చట్టం స్త్రీలకిచ్చాక కౌన్సిలర్లుగా, సర్పంచులుగా ఐదేళ్ళు పనిచేసి ఇంటికి తిరిగొచ్చిన వాళ్ళు ఈ మూడు ఊళ్ళలోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ ఉన్నారు. పెత్తనం భర్తే చేశాడని అందరిమీదా ఒకే ముద్ర వేయడం తేలిక. వాళ్ళలో ఏ ఒక్కరు తన ఐదేళ్ళ అనుభవం నలభై పేజీలు రాసినా, పంచాయతీ రాజ్ మీద వచ్చిన చాలా పరిశోధనల కన్నా అది ఎక్కువ చెబుతుంది. రాయమని వాళ్ళను ఇంతవరకు ఎవరూ అడగలేదు.

కాబట్టి ఈ స్మారక సభ తరఫున ఒక విన్నపం. ఇంటికి వెళ్ళాక అటక మీది పెట్టె ఒకసారి దించండి. అవ్వ రాసిన జాబు, అమ్మ రాసుకున్న పాటల నోటుబుక్కు, మహిళా మండలి పాత తీర్మానాల పుస్తకం, ఏది కనిపించినా పాతసామాన్లవాడికి వేయకండి. ముందు దాని మీద పేరు, ఊరు, తెలిసిన తేదీ పెన్సిలుతో రాయండి. పేజీ పేజీకి ఫోనుతో ఫొటో తీయండి. భాష దిద్దకండి, మీ అవ్వ మాట మీ అవ్వ మాటలాగే ఉండనివ్వండి. ఇంటి గుట్టు ఉన్న చోట ఇంట్లో ఆడవాళ్ళను అడిగి, వాళ్ళు సరేనన్నాకే బయటపెట్టండి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం గ్రంథాలయాల్లో ఒక్కో బీరువాలో ఒక్కో అర ఇందుకోసం ఖాళీ చేయమని కలిసి అడుగుదాం. బతికి ఉన్నవాళ్ళయితే ఇంకా మంచిది. కాగితం, కలం చేతికిచ్చి, పక్కన కూర్చుని, చెప్పమనండి.